బల్ల మీద గుండ్రాయి



ఒక గని. మన భూమ్మీద కాదు, ఎక్కడో దూరాన మరో గ్రహం కింద. ఆ గని అధికారి బల్ల మీద చిన్న పుచ్చకాయంత గుండ్రాయి ఒకటి ఉంటుంది. కొత్త సొరంగం తవ్వుతుంటే అలాంటివి వేల కొద్దీ దొరికాయి. అమ్ముకోవడానికి పనికిరావని తక్కినవాటిని పట్టించుకోలేదు. ఇదొక్కటీ చూడటానికి బాగుందని తెచ్చి బల్ల మీద పెట్టుకున్నారు. ఈలోగా గనిలో ఏదో జీవి తిరుగుతోంది, మనుషుల్ని చంపుతోంది. అప్పటికే యాభై మంది దాకా పోయారు. సాయం చెయ్యమని కబురందుకుని ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక వచ్చింది. కెప్టెన్ కర్క్, స్పాక్, డాక్టర్ మెకాయ్ ఆ గదిలోనే నిలబడి, ఆ రాక్షసిని ఎలా చంపాలో మాట్లాడుకుంటారు. వాళ్ళ మధ్యన, బల్ల మీద, ఆ గుండ్రాయి అలాగే ఉంటుంది.

అది రాయి కాదు, గుడ్డు. చంపుతున్న జీవి ఆ గుడ్ల తల్లి. గనివాళ్ళు తెలియక ఆమె పిల్లల్ని వేల సంఖ్యలో పగలగొట్టారు. స్పాక్ ఆమె ఒంటి మీద చేతులు పెట్టి, ఆమె బాధని తన మనసులోకి తీసుకుని, ఆ నొప్పితో కేక వేస్తాడు. డాక్టర్ మెకాయ్ ఆమె గాయానికి కట్టడాలకు వాడే కాంక్రీటుతో కట్టు కడతాడు. ఆమె ఒళ్ళు రాయిలాంటిదే కాబట్టి అది అతుక్కుంటుంది. చివరికి గనివాళ్ళూ ఆ తల్లీ రాజీ పడతారు. ఆమె పిల్లలు సొరంగాలు తొలుస్తారు, వీళ్ళు ఖనిజం తీసుకుంటారు, ఎవరి జోలికి ఎవరూ వెళ్ళరు.

ఇది ‘స్టార్ ట్రెక్’ సీరియల్లో ‘ద డెవిల్ ఇన్ ద డార్క్’ అనే ఎపిసోడ్. 1967 మార్చిలో అమెరికాలో ప్రసారమైంది. రాసినాయన జీన్ కూన్. నేను చూసింది చాలా ఏళ్ళ తర్వాత, దూరదర్శన్‌లో ఆదివారం పొద్దుట ‘స్టార్ ట్రెక్’ వేసే రోజుల్లో, పక్కింటివాళ్ళ వరండాలో కూర్చుని. ఆ ఇంగ్లీషు నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు. అయినా అది గుడ్డని తెలిసిన క్షణాన, గంటసేపు దాన్ని కళ్ళెదుట పెట్టుకుని కూడా నేను చూడలేదే అని ఒళ్ళు జలదరించింది. కథ రాయడమంటే ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది ఆ వరండాలోనే.

ఇవాళ నేను మాట్లాడదలుచుకున్నది ఆ సీరియల్ గురించే. దాదాపు 60 ఏళ్ళుగా పేర్లు మారుతూ, తరాలు మారుతూ నడుస్తున్న ‘స్టార్ ట్రెక్’లో రచన ఎందుకు పల్చబడిందన్న దాని గురించి. ఇది నాకు చిన్న విషయం కాదు. ఇష్టమైన మనిషి మాట తడబడుతుంటే మనసుకి ఎలా ఉంటుందో, నాకు అలా ఉంటుంది.

‘ఇదివరకటి రోజులే బంగారం’ అనే ధోరణిలో మాట్లాడను. అది నిజం కూడా కాదు. పాత ‘స్టార్ ట్రెక్’ మూడు సీజన్లూ కలిపి 79 ఎపిసోడ్లు. మొదటి రెండు సీజన్లకు రాసినవాళ్ళలో సైన్స్ ఫిక్షన్‌లో అప్పటికే పేరున్న రచయితలు ఉన్నారు. థియొడర్ స్టర్జన్, రిచర్డ్ మాథెసన్, నార్మన్ స్పిన్‌రాడ్, హార్లన్ ఎలిసన్. హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ సినిమాకి మూలమైన నవల రాసిన రాబర్ట్ బ్లాక్. కథలు రాయడం వచ్చినవాళ్ళని పిలిచి టీవీకి రాయించారు. మూడో సీజన్‌కి వచ్చేసరికి బడ్జెట్ తగ్గించారు, శుక్రవారం రాత్రి పది గంటలకు నెట్టేశారు, సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ రోజువారీ పనుల నుంచి పక్కకు తప్పుకున్నాడు. ఆ సీజన్ 1968 సెప్టెంబర్ 20న ‘స్పాక్స్ బ్రెయిన్’ అనే ఎపిసోడ్‌తో మొదలైంది. ఎవరో వచ్చి స్పాక్ మెదడు ఎత్తుకుపోతారు. మెదడు లేని స్పాక్‌ని చేతిలో ఒక మీట పెట్టుకుని నడిపిస్తూ మిగతావాళ్ళు దాన్ని వెతుక్కుంటూ వెళ్తారు. ‘స్టార్ ట్రెక్’ని ప్రాణంగా చూసుకునేవాళ్ళు కూడా ఈ ఎపిసోడ్ పేరెత్తితే తల దించుకుంటారు.

దాని మీద రచయిత పేరు లీ క్రోనిన్ అని ఉంటుంది. అది మారుపేరు. రాసింది జీన్ కూన్.

అదే మనిషి, అదే కలం. తల్లి గుడ్ల కథకూ మెదడు దొంగతనం కథకూ మధ్య ఏడాదిన్నరే. కాబట్టి ‘మంచి రచయితలు లేరు, అందుకే రచన పడిపోయింది’ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మంచి రచయిత ఉన్నా రచన పడిపోతుంది. ఎందుకు పడిపోతుందన్నదే నేను చాలా కాలంగా ఆలోచిస్తున్న ప్రశ్న.

నాకు తోచిన జవాబు ఇది. గని కథ ఒక ప్రశ్నతో మొదలైంది: మనం రాక్షసి అంటున్నది ఎవరికైనా తల్లి అయితే? మెదడు కథ ఒక వింతతో మొదలైంది: స్పాక్‌కి మెదడు లేకపోతే చూడటానికి ఎలా ఉంటుంది? ప్రశ్నతో మొదలైన కథలో ప్రతి వస్తువుకీ పని ఉంటుంది, బల్ల మీద రాయికి కూడా. వింతతో మొదలైన కథకి ఆ వింత చూపించాక చెయ్యడానికి ఏమీ మిగలదు.

1987 సెప్టెంబర్‌లో ‘ద నెక్స్ట్ జెనరేషన్’ అని కొత్త ‘స్టార్ ట్రెక్’ మొదలైంది. మొదటి రెండేళ్ళూ దాని రచన కుంటుతూనే నడిచింది. భవిష్యత్తులో మనుషులు ఉన్నతంగా ఉంటారు కాబట్టి నౌకలోవాళ్ళ మధ్య గొడవలు ఉండకూడదని రాడెన్‌బెరీ నియమం పెట్టాడు. ఆశయం గొప్పదే, కానీ గొడవ లేనిచోట నాటకం ఎలా పుడుతుంది? పాత సీరియల్‌కి రాసిన డొరొతీ ఫాంటానా, డేవిడ్ జెరాల్డ్ లాంటివాళ్ళు తొలినాళ్ళలోనే వెళ్ళిపోయారు. 1988లో హాలీవుడ్ రచయితలు సమ్మె చేశారు. రెండో సీజన్ 22 ఎపిసోడ్లకు కుదించుకుపోయింది. ఆ సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో ఒక పాత్రని మంచం మీద పడుకోబెట్టి, పాత ఎపిసోడ్ల ముక్కలు అతని జ్ఞాపకాలుగా అతికించి వేశారు.

అలాంటి సీజన్ మధ్యలోనే, 1989 ఫిబ్రవరిలో, ఒక ఆణిముత్యం వచ్చింది. మెలిండా స్నాడ్‌గ్రాస్ అనే రచయిత్రి, అంతకుముందు వకీలు, ఎవరూ అడగకుండానే ఒక స్క్రిప్టు రాసి పంపింది. ‘ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’. దీని గురించి కాస్త నింపాదిగా చెప్పనివ్వండి.

నౌకలో డేటా అనే అధికారి ఉంటాడు. యంత్రం, మనిషి రూపం. ఒక శాస్త్రవేత్త వచ్చి, అతన్ని విప్పదీసి చూస్తాను, ఇలాంటివాళ్ళని ఇంకా బోలెడుమందిని తయారుచేస్తాను అంటాడు. డేటా ఒప్పుకోక ఉద్యోగానికి రాజీనామా ఇస్తాడు. ‘యంత్రానికి రాజీనామా ఏమిటి, అది ప్రభుత్వ ఆస్తి’ అంటాడు శాస్త్రవేత్త. విచారణకు సరిపడా వకీళ్ళు లేరు కాబట్టి, డేటా తరఫున కెప్టెన్ పికార్డ్, డేటాకి ఎదురుగా అతని స్నేహితుడు రైకర్ వాదించాలని న్యాయాధికారి ఆదేశిస్తుంది. సరిగ్గా వాదించకపోతే విచారణ లేకుండానే తీర్పు చెప్పేస్తానంటుంది. అంటే స్నేహితుణ్ణి కాపాడాలంటే రైకర్ స్నేహితుడికి వ్యతిరేకంగా గట్టిగా వాదించి తీరాలి.

రైకర్ డేటా చెయ్యి ఊడదీసి బల్ల మీద పెడతాడు. తర్వాత అతని వెనక్కి వెళ్ళి మీట నొక్కుతాడు. డేటా కూర్చున్నచోటే ముందుకు వాలిపోతాడు. రైకర్ ఒక్క ముక్కతో వాదన ముగించాక గదిలో ఎవరూ మాట్లాడరు. రైకర్ వచ్చి తన కుర్చీలో కూర్చుంటాడు. గెలిచిన మొహం కాదది. రేడియో నాటకాలు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: ఆ నిశ్శబ్దాన్ని రాయగలగడం ఎంత కష్టమో రాసేవాళ్ళకే తెలుస్తుంది. ‘నాకు చాలా బాధగా ఉంది’ అని రైకర్ చేత ఒక్క మాట కూడా అనిపించలేదు ఆవిడ. ఆ తర్వాత పికార్డ్ దిగులుగా గైనన్ అనే స్నేహితురాలి దగ్గరికి వెళ్తాడు. ఆ పాత్ర వేసింది వూపీ గోల్డ్‌బెర్గ్. ఇలాంటివాళ్ళని తరాల తరబడి తయారుచేసి, కష్టమైన పనులన్నీ వాళ్ళ చేత చేయించుకోవచ్చు కదా, వాళ్ళ మంచీచెడూ ఎవరూ ఆలోచించక్కర్లేదు కదా అని ఆమె నెమ్మదిగా మాట కదుపుతుంది. ఒక నల్లజాతి స్త్రీ నోటి నుంచి వస్తున్న ఆ మాటలకు అసలు అర్థం ఏమిటో పికార్డ్‌కి తడుతుంది, మనకీ తడుతుంది. బానిసత్వం. ఆ పదాన్ని ముందుగా పలికేది ఆమె కాదు, పికార్డ్.

యంత్రాలు మాట్లాడుతున్న ఈ రోజుల్లో ఆ ఎపిసోడ్ మళ్ళీ చూడండి. తీసినప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాతి సీజన్‌కి రచయితల నాయకుడిగా మైకేల్ పిల్లర్ వచ్చాడు. ఆయన చేసిన పని అప్పటి టీవీ లోకంలో ఎక్కడా లేదు. ఏజెంటు లేకపోయినా సరే, ఎవరైనా స్క్రిప్టు పంపవచ్చు, మేం చదువుతాం అన్నాడు. వేల కొద్దీ వచ్చాయి. వాటిలో చాలావరకు పనికిరానివే అయి ఉంటాయి. కానీ ఆ తలుపులోంచి రొనాల్డ్ మూర్ వచ్చాడు, సెట్ చూడటానికి వెళ్ళి స్క్రిప్టు ఇచ్చి వచ్చిన కుర్రవాడు. తర్వాతి రోజుల్లో ‘బాటిల్‌స్టార్ గలాక్టికా’ సీరియల్‌ని కొత్తగా మలిచింది ఇతనే. డేటా తనకొక కూతుర్ని తయారుచేసుకునే కథతో రెనే ఎచెవరియా వచ్చాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు బ్రయన్ ఫుల్లర్ వచ్చాడు. పిల్లర్ తన రచయితల్ని ఒకటే అడిగేవాడట: ఈ కథ ఎవరిది, ఈ వారం ఈ పాత్రకి ఏం జరుగుతోంది అని. ‘ద నెక్స్ట్ జెనరేషన్’ 178 ఎపిసోడ్లు నడిచింది. మనం ఈ రోజుకీ తలుచుకునేవి చాలావరకు ఆయన వచ్చాక రాసినవే.

మరి అదే కాలంలో తెగులు కూడా లోపలే పుట్టింది. కథ చిక్కులో పడ్డప్పుడు ఇంజనీరు ఏదో పెద్ద పేరున్న కిరణాన్ని ఏదో యంత్రంలోకి పంపి నౌకని కాపాడతాడు. రచయితలు స్క్రిప్టులో ఆ మాటలు రాసేవారు కాదు. అక్కడ ‘టెక్’ అని రాసి వదిలేసేవారు. తర్వాత సైన్స్ సలహాదారు ఆ ఖాళీలు నింపేవాడు. రొనాల్డ్ మూర్ స్వయంగా తర్వాత ఈ పద్ధతిని బయటపెట్టాడు. ఆ సలహాదారుల్లో ఒకరు మన భారతీయ మూలాలవాడు, నరేన్ శంకర్. కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, సలహాదారుగానూ రచయితగానూ ‘స్టార్ ట్రెక్’లో పనిచేసి, తర్వాత ‘ది ఎక్స్‌పాన్స్’ సీరియల్‌ని నడిపించాడు. తప్పు ఖాళీ నింపినవాళ్ళది కాదు. కథ మలుపు తిరిగేచోట ఏ మాట పెట్టినా సరిపోతుందంటే అక్కడ మలుపే లేదన్నమాట. గని కథలో ‘గుడ్డు’ అన్నచోట ఇంకో మాట పెట్టి చూడండి, కథ కూలిపోతుంది.

1996 జనవరిలో, ‘వాయేజర్’ అనే సీరియల్లో ‘థ్రెషోల్డ్’ అని ఒక ఎపిసోడ్ వచ్చింది. నౌక చోదకుడు ఇంతవరకూ ఎవరూ అందుకోని వేగాన్ని అందుకుంటాడు, దాంతో క్రమంగా బల్లిలాంటి జీవిగా మారిపోతాడు, కెప్టెన్‌ని కూడా అలాగే మార్చేస్తాడు, ఇద్దరికీ పిల్లలు పుడతారు. తర్వాత డాక్టర్ ఇద్దర్నీ మామూలు మనుషుల్ని చేసేస్తాడు. వారం తిరిగేసరికి ఎవరికీ ఏమీ గుర్తుండదు. దానికి మేకప్ విభాగంలో ఎమ్మీ అవార్డు వచ్చింది. చేతిపని తెలిసినవాళ్ళు ఎంత శ్రద్ధగా చేశారో ఆ అవార్డే సాక్ష్యం, అంత శ్రద్ధకీ తగిన కథ వాళ్ళకి ఇవ్వలేకపోయారే అన్నది నా బాధ. స్క్రిప్టు రాసిన బ్రానన్ బ్రాగా అది బాగాలేదని తర్వాత తానే ఒప్పుకున్నాడు. అంతకు రెండేళ్ళ ముందు ‘ద నెక్స్ట్ జెనరేషన్’ చివరి ఎపిసోడ్‌ని మూర్‌తో కలిసి రాసి హ్యూగో అవార్డు తెచ్చుకున్నది కూడా ఈ బ్రాగానే. మళ్ళీ అదే సంగతి. ఒకే కలం.

ఆ చివరి ఎపిసోడ్ సంగతిలో ఇంకో ముక్క ఉంది. అది రాస్తున్న రోజుల్లోనే వాళ్ళిద్దరూ ‘జెనరేషన్స్’ అనే సినిమా కూడా రాస్తున్నారు. సినిమా మీద ఏడాది పనిచేశారు. ఎపిసోడ్‌ని కొద్ది వారాల్లో ముగించారు. బాగా వచ్చింది ఎపిసోడే. సినిమాకి మాత్రం పాత కెప్టెన్ కర్క్ ఉండాలి, కొత్త కెప్టెన్ పికార్డ్ ఉండాలి, ఫలానావి ఉండాలి అని ముందే జాబితా తయారైంది. జాబితాలోంచి కథ పుట్టదు. ఎంత సమయం ఇచ్చినా పుట్టదు.

ఇక ఇప్పటి కాలానికి వస్తాను. 2005లో ‘ఎంటర్‌ప్రైజ్’ సీరియల్ ఆగిపోయాక పన్నెండేళ్ళ విరామం. 2017 సెప్టెంబర్‌లో ‘డిస్కవరీ’ మొదలైంది. దాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకడు బ్రయన్ ఫుల్లర్. పిల్లర్ తెరిచిన తలుపులోంచి వచ్చిన ఫుల్లరే. కానీ మొదటి ఎపిసోడ్ ప్రసారం కాకముందే అతను దాన్ని వదిలి వెళ్ళిపోయాడు. అతని తర్వాత బాధ్యత తీసుకున్నవాళ్ళని కూడా రెండో సీజన్ మధ్యలో తప్పించారు. ఇల్లు కడుతుండగా మేస్త్రీలు మారుతుంటే గోడలు ఎలా నిలుస్తాయి?

పాత సీరియళ్ళలో సీజన్‌కి ఇంచుమించు 26 కథలు. ఆరు చెడిపోయినా ఇరవై మిగిలేవి. ‘డిస్కవరీ’లో సీజన్ అంటే పది నుంచి పదిహేను భాగాల్లో సాగే ఒకే కథ. మూలం బలహీనమైతే సీజన్ మొత్తం పోతుంది. అది తెలిసే కాబోలు, ఆపదని పెద్దది చేస్తారు. ఒక సీజన్‌లో ప్రాణికోటి అంతా నశించబోతుంది, తర్వాతి సీజన్‌లో నక్షత్రాల మధ్య ప్రయాణమే ఆగిపోతుంది, ఆ తర్వాత గ్రహాలకు గ్రహాలే మాయమవుతాయి. ఇది నేల విడిచి సాము. విశ్వమంతా పోతుందంటే మనకి ఎవరు పోతున్నట్టు? యాభై మంది గని పనివాళ్ళు, ఒక తల్లి అంటే మనకి తెలుస్తుంది.

‘డిస్కవరీ’ మూడో సీజన్‌ని దగ్గరగా చూద్దాం. 2020 అక్టోబర్‌లో మొదలైంది. నూరేళ్ళకు పైగా వెనక ఒక క్షణంలో అంతరిక్ష నౌకలు నడిపే డైలీథియం అనే ఖనిజం పనిచెయ్యడం మానేసింది. ఎగురుతున్న నౌకలన్నీ పేలిపోయాయి. ఎందుకు? పదమూడు వారాలు ఇదే ప్రశ్న. ఆఖర్లో తెలిసేది: ఆ ఖనిజపు గ్రహం మీద కూలిన నౌకలో ఒక పసివాడు తల్లి చనిపోతుంటే చూసి కేక పెట్టాడు, ఆ కేకే గెలాక్సీ అంతా పాకింది.

దీన్ని చాలామంది వెక్కిరించారు. నేను వెక్కిరించలేను. తల్లి పోయిన బిడ్డ నూరేళ్ళకు పైగా ఆ పాడుబడ్డ నౌకలో, నిజం కాని బొమ్మల మధ్య, ఒంటరిగా బతకడం అన్నది గొప్ప ఊహ. తల్లి గుడ్ల కథకి ఇది తోబుట్టువు. మొదటి ఎపిసోడ్‌లోనే ఆ బిడ్డని చూపించి ఉంటే? ఒక బిడ్డ ఏడుపు ఎంతో మందిని చంపిందని తెలిసి, ఆ బిడ్డ ఎదుట నిలబడ్డవాళ్ళు ఏం చేస్తారు అన్నది అసలు ప్రశ్న. శిక్షిస్తారా, ఓదారుస్తారా, బతికినన్నాళ్ళూ అతనికి నిజం చెప్పకుండా దాస్తారా? పదమూడు వారాలు రాయడానికి చాలినంత ప్రశ్న అది. వాళ్ళు దాన్ని చివరిదాకా పెట్టెలో పెట్టి తాళం వేశారు. చూసేవాడు చెయ్యగలిగింది ఎదురుచూడటమే. తాళం తీశాక ఆలోచించడానికి టైము లేదు, ఓడలో పోట్లాట అయిపోవాలి.

ఇంకో లోపం నన్ను మరీ కలతపెడుతుంది. ఆపద ముంచుకొస్తుండగా పాత్రలు ఆగి తమకి ఎలా అనిపిస్తోందో వివరించి చెబుతాయి. మనవాళ్ళు చెప్పకనే చెప్పడం అంటారే, ఆ విద్య కనబడదు. రైకర్ కుర్చీలో కూర్చున్న ఆ నిశ్శబ్దాన్ని ఇప్పటివాళ్ళు రాస్తే అక్కడ నాలుగు వాక్యాలు ఉండేవేమో. చూసేవాడి మీద నమ్మకం తగ్గితేనే మాటలు పెరుగుతాయి.

‘పికార్డ్’ అనే సీరియల్‌ని పులిట్జర్ బహుమతి పొందిన నవలాకారుడు మైకేల్ షేబన్ మొదట నడిపించాడు. మూడు సీజన్లూ చూశాను. మూడోదాంట్లో పాత నౌక పాతవాళ్ళతో మళ్ళీ కదిలినప్పుడు నా కళ్ళు తడిశాయి, దాచుకోను. కానీ ఆ తడి 1990ల నాటి కథలు సంపాదించి పెట్టినది. కొత్తగా సంపాదించినది తక్కువ.

2022 నుంచి ‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ మళ్ళీ వారానికో కథ పద్ధతికి వచ్చింది. 2023లో అందులో ఒక విచారణ కథ వచ్చింది, ‘అడ్ ఆస్ట్రా పెర్ ఆస్పెరా’. పుట్టుకతో చట్టవిరుద్ధమైన ఒక అధికారిని బోనులో నిలబెట్టిన కథ. స్నాడ్‌గ్రాస్ వెలిగించిన దీపం నుంచే వెలిగించుకున్నారని చూస్తుంటేనే తెలుస్తుంది. అన్ని వారాలూ అలా లేవు, నిజమే. ఉన్న వారాలు నాకు చాలు, ఆశ వదులుకోకుండా ఉండటానికి.

మా తమ్ముడి కూతురు న్యూజెర్సీలో పుట్టి పెరిగింది, పద్నాలుగేళ్ళు. ‘డిస్కవరీ’ వాళ్ళ నాన్నతో కలిసి పూర్తిగా చూసింది. మొన్న వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు, పాతది ఒకటి చూద్దామా అని గని కథ పెట్టాను. అట్ట ముక్కలతో కట్టినట్టుండే సొరంగాలు, తివాచీ కప్పినట్టుండే రాక్షసి. నవ్వుతుందేమో అనుకున్నాను. మొదటి పది నిమిషాలు ఫోన్ చేతిలోనే ఉంది. తర్వాత పక్కన పెట్టింది. కర్క్ తుపాకుల గురించి మాట్లాడుతున్నాడు, గని అధికారి కోపంగా ఏదో అంటున్నాడు. ఈ పిల్ల మాత్రం వాళ్ళని చూడటం లేదు.

“పెదనాన్నా, ఒక్క నిమిషం ఆపవా,” అంది. ఆపాను. లేచి టీవీ దగ్గరికి వెళ్ళి, తెర మీద వేలు పెట్టి అడిగింది. “ఆ బల్ల మీద ఉన్నదేంటి?”